అమృత ఫోటోలో రెండు వెలుగులు

కల్వకుర్తి,
14 జూన్ 1961.

మంజులా,

ఆశీస్సులు తరువాత. ముందు దిద్దుబాటు. "కెమెరా వచ్చి బొమ్మలు వేసేవాళ్ల పొట్ట కొట్టింది, అందుకు మా తాతే సాక్ష్యం" అని తరగతిలో మీ సారుకు చెప్పినట్టు రాశావు. చెప్పేముందు నన్నొక మాట అడగవలసింది. మీ తాతతో ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసి, ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పిన భద్రమ్మ ఇంకా బతికే ఉంది. నాలుగేళ్లు బొమ్మల బడిలో చదివినంత మాత్రాన ఇంటివాళ్ల చరిత్ర నువ్వే రాసేస్తే ఎట్లా?

జరిగింది విను. మీ తాత వాళ్ల నాయిన, ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్లకు గుడ్డ మీద పటాలు వేసేవాడు. ఇంటి ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చే గుడ్డ. నేల ఎరుపే ఉండాలి. దేవుడు పెద్దగా, మనిషి చిన్నగా ఉండాలి. మా పెళ్లైన కొత్తలో మీ తాత ఒక పటంలో మేకను నీలంగా వేశాడు. చేయించుకున్న కథకుడు కండువా దులిపి భుజాన వేసుకుని, "గీ నీలం మ్యాకను ఏ మందల జూసినవయ్యా? నేను కథ చెప్పాల్నా, నీ మ్యాకకు జవాబు చెప్పాల్నా?" అని పటం వాపసు ఇచ్చాడు. మా మామ కొడుకును తిట్టి, మేక మీద తెల్లరంగు పూశాడు. కొన్నాళ్లకు తెలుపు కింద నుంచి నీలం మళ్లీ తొంగిచూసింది. కెమెరా ఇంకా మన గడప తొక్కని రోజుల సంగతి ఇది. అప్పటి స్వేచ్ఛ అంతమాత్రం.

తరువాత మీ తాత పట్నం పోయి, ఒక ఫోటో దుకాణంలో రెండేళ్లు పని నేర్చుకుని, మూడుకాళ్ల పెట్టెను ఎడ్లబండి మీద తెచ్చాడు. మొదట మా అత్తను కూర్చోబెట్టి తీశాడు. ఎర్రదీపం గదిలోకి నన్ను పిలిచి, పళ్లెంలోని మందునీళ్లలో తెల్లకాగితం ముంచి "సూడు" అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తరువాత ఒక బొట్టు వచ్చింది. ముఖం లేదు, నుదురు లేదు, ఒక్క బొట్టు నీళ్లలో నిలబడింది. ఆ తరువాత రెండు కనుగుడ్లు. ఆ తరువాత జుట్టు, ముక్కు, నన్ను తిట్టడానికి సిద్ధంగా ఉన్న నోరు. బ్రహ్మ కూడా మనుషులను ఈ వరసలోనే చేస్తాడేమో అనిపించింది. నోటి దగ్గర ఆగిపోయి ఉంటే బాగుండేది.

ఇక పర్దా. ఫోటో దిగేవాళ్ల వెనకాల కట్టే గుడ్డ. దాని మీద ఏం వేయాలో చెప్పడానికి కథకుడు లేడు, మా మామ లేడు. మీ తాత సముద్రం వేశాడు. సముద్రం ఎరగని మనిషి కాబట్టి అలలు దున్నిన చెలకలాగా వచ్చాయి. ఆకాశాన్ని కుంకుమరంగు చేశాడు. ఎవరూ వాపసు ఇవ్వలేదు. పర్దాను చూసేదెవరు? అందరూ తమ ముఖమే చూసుకుంటారు. కనుక కెమెరా ఆయన పొట్ట కొట్టలేదు, మెడ పలుపు విప్పింది. మీ సారుకు ఇది చెప్పు.

పక్కింటి జానమ్మ నిన్ను అడిగింది. ఈ చదువు అయ్యాక నీకు ఏ ఉద్యోగం వస్తుందని కూడా అడిగింది. ఆ రెండోదానికి నేను దగ్గాను.

తలకు నూనె పెట్టుకో.

అవ్వ

* * *

హైదరాబాదు,
2 జులై 1961.

అవ్వా,

తప్పు ఒప్పుకున్నాను. నీలం మేక సంగతి చెప్పగానే మా సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! "మీ తాత ముప్పై ఏళ్ల ముందో వెనకో పుట్టలేదమ్మా, సరిగ్గా పుట్టవలసినప్పుడే పుట్టాడు" అన్నాడు.

నూరేళ్ల కిందట ఫ్రాన్సు దేశంలో మొదటి ఫోటోలు చూసి చిత్రకారులు మన పని అయిపోయింది అనుకున్నారట. అప్పటిదాకా జమీందార్ల ముఖాలు, వాళ్ల భార్యల నగలు అచ్చు దిగినట్టు వేయడమే వాళ్ల బతుకు. ఆ పని పెట్టె చేసేస్తే కుంచె దేనికి? ఆ ప్రశ్నే వాళ్లను నాలుగు గోడల మధ్య నుంచి బయటికి తరిమిందట. ఒకాయన ఒకే గడ్డివామును పొద్దున వేశాడు, పగటిపూట వేశాడు, సాయంత్రం వేశాడు. వేసింది వామును కాదు అవ్వా, వాము మీది వెలుగును! ఇంకొకరు ముఖాన్ని ముందు నుంచీ పక్క నుంచీ ఒకేసారి, పలకలు పలకలుగా వేశారు. సారు ఆ అచ్చుబొమ్మలు చూపిస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వకు.

అసలు సంగతి. డిసెంబరులో మా ఆఖరి పరీక్ష. ఒక పెద్ద బొమ్మ వేసి బడి హాలులో పెట్టాలి. నేను అమ్మను వేస్తాను. ఆమె పోయినప్పుడు నాకు ఎనిమిది నెలలు. ఆమె గొంతు తెలియదు, నడక తెలియదు. ముందరి గదిలోని ఆ ఒక్క ఫోటో, అందులో నన్ను చూసే ఆ కళ్లు, అంతకు మించి అమ్మది నా దగ్గర ఏమీ లేదు. నీకు గుర్తుందా, చిన్నప్పుడు బడి నుంచి రాగానే గోడకు ఎదురుగా నిలబడి అన్నీ ఆమెకే చెప్పేదాన్ని. గదిలో ఏ మూలకు పోయినా ఆ కళ్లు నా వెంట వచ్చేవి. ఆ కళ్లను ఒక్కసారి నా చేత్తో వేయగలిగితే అమ్మ నాకు దొరికినట్టే.

ఫోటో పంపు. తొందరగా.

నీ మంజుల

* * *

కల్వకుర్తి,
11 జులై 1961.

మంజులా,

ఫోటో పంపడం కుదరదు. కారణాలు మూడు. వానలు మొదలైనాయి. దారిలో అద్దం పగులుతుంది. ఫోటో వెనక గోడకు పెచ్చు ఊడింది, తీస్తే ఇంటి పరువు బయటపడుతుంది. మూడింటిలో నచ్చినది తీసుకో.

ముఖాన్ని పలకలుగా వేసే సంగతి జానమ్మకు చదివి వినిపించాను. "అయ్యో అక్కా, ముఖమేమన్న గుమ్మడికాయనా, కోసుడేంది?" అంది. అమృతను వేయాలంటే నీకు ఫోటో ఎందుకు? అద్దంలో చూసుకో. ఆ గడ్డం ఆమెదే. ఆ మొండితనమూ ఆమెదే. నీ రెండో ఏట మీ నాయిన మక్తల్‌లో ఇంకో పెళ్లి చేసుకుంటే, నువ్వు నా కొంగు వదలక ఇక్కడే ఉండిపోయావు చూడు, ఆ మొండితనం.

లేదా వేరే బొమ్మ వెయ్యి. జానమ్మ తమ్ముడు పట్నం వస్తున్నాడు. అతని చేతికి నీకు మీ తాత ఫోటో పట్టిన గాజుప్లేటు ఒకటి పంపుతున్నాను. గొర్రెల కురుమయ్య ఒకసారి తన పొట్టేలుతో ఫోటో దిగడానికి వచ్చాడు. కదలవద్దంటే కురుమయ్య కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. పొట్టేలుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఫోటోలో కురుమయ్యకు ఒక తల, పొట్టేలుకు మూడు తలలు, మధ్యలో పొగ. "నా పొట్టేలును దయ్యం జేసినవు గదనే!" అని శాపనార్థాలు పెట్టి పోయాడు. మీ తాత ఆ ప్లేటును వారం రోజులు వెలుగుకు పట్టి చూస్తూనే ఉన్నాడు. అన్నానికి పిలిస్తే, "ఇగో, జర ఇటు రా. మన కన్నుకు అందనిది దీనికి అందింది. కదిలే పొట్టేలు గిట్లుంటదన్నమాట. ఇన్నేండ్లు మేమంతా నిలబడ్డ పొట్టేలునే ఏసినం" అన్నాడు. ఆయన కళ్లు అప్పుడు గుడిలో హారతి చూస్తున్నవాడి కళ్లలాగా ఉన్నాయి. అన్నం చల్లారిపోయింది.

నాకు అప్పట్లో అర్థం కాలేదు. మీ సారుకు అవుతుందేమో.

అవ్వ

* * *

హైదరాబాదు,
30 జులై 1961.

అవ్వా,

పొట్టేలు ప్లేటు పగలకుండా చేరింది. సారు కిటికీకి ఆనించి తరగతి మొత్తానికి చూపించాడు. పరుగెత్తే గుర్రం కాళ్లు నాలుగూ ఎట్లా పడతాయో కెమెరా చూపించేదాకా ఎవరికీ సరిగ్గా తెలియదట. వందల ఏళ్లుగా అందరూ తప్పే వేశారట. ఆ ఫోటోలు చూశాక చిత్రకారులకు కన్ను మీద అనుమానం, చేతి మీద ధైర్యం రెండూ వచ్చాయట. ఇవన్నీ వింటూ ఉంటే మన ఇంటి ఎర్రదీపం గది ప్రపంచం నడిమధ్యన ఉన్నట్టు అనిపించింది.

కానీ నేను అడిగింది పొట్టేలును కాదు.

నువ్వు చెప్పిన మూడు కారణాల వెనక నాలుగోది ఉంది, అది నాకు తెలుసు. నా బొమ్మల మీద నీకు నమ్మకం లేదు. అమ్మను గుమ్మడికాయ చేస్తానని నీ భయం. తాత మేకను నీలంగా వేస్తే వెనకేసుకొస్తావు. నేను వేస్తే మాత్రం తెల్లరంగు డబ్బా పట్టుకుని నిలబడతావు. మీ మామకూ నీకూ తేడా ఏముంది?

మంజుల

* * *

కల్వకుర్తి,
22 ఆగస్టు 1961.

మంజులతకు,

పూర్తి పేరుతో పిలిచానంటే కోపం వచ్చిందని నీకు తెలుసు. యాదగిరిగుట్టకు పోయి నిన్న తిరిగి వచ్చాను. నరసింహస్వామి దర్శనం బాగా జరిగింది. ఇంటికి వచ్చి చూస్తే గోడ మీద ఫోటో లేదు. దాని జాగాలో "నెల రోజుల్లో తెచ్చి ఇస్తాను" అని చీటీ. నేను లేని రెండు రోజులు చూసి వచ్చి, జానమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, తీసుకుపోయావు. జానమ్మ నీకు చాయ్ కూడా పోసిందట. దొంగకు చాయ్ పోసిన పుణ్యం ఆమెకు దక్కుతుంది.

నాకూ మా మామకూ తేడా ఏమిటని అడిగావు. ఆయన మేక మీద రంగు పూసి కప్పాడు. నేను ఏం కప్పుతున్నానో నీకు తెలియదు, కాబట్టి పోల్చకు.

తీసుకుపోయినదాన్ని ఇప్పుడేమీ చేయలేను. ఒక్క మాట విను. ఆ ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని చూడకు. కొన్నిటిని దూరం నుంచే చూడాలి.

అవ్వ

* * *

హైదరాబాదు,
10 సెప్టెంబరు 1961.

అవ్వా,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా ఇది చదువు. నాకు ఒక అద్భుతం కనబడింది.

నువ్వు చూడవద్దన్నావు కాబట్టి సారు భూతద్దం అడిగి తీసుకుని చూశాను. అమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒడిలో ఉన్నాయి. వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి పడుతున్నది. ముక్కు నీడ కుడివైపుకు పోయింది, గడ్డం కింద నీడ కుడివైపే, కుర్చీ కాలి నీడ కూడా అంతే. కానీ కళ్లలో! కంటిపాపలో కిటికీ మెరుపు ఆవగింజంత తెల్లగా కనిపిస్తుంది కదా, ఆ మెరుపు రెండు కళ్లలోనూ కుడివైపున ఉంది. ముఖం ఒక వెలుగులో ఉంది, కళ్లు ఇంకో వెలుగులో ఉన్నాయి.

ఫోటో అబద్ధం చెప్పదు కదా. మరి కుడివైపు ఏముంది? అద్దమా? ఎవరైనా తెల్లచీర ఎండకు పట్టుకుని నిలబడ్డారా? సారు చాలాసేపు చూసి, "ఇంట్లో పెద్దవాళ్లను అడుగు" అని మాత్రం అన్నాడు. నాకు ఏమనిపిస్తున్నదో చెప్పనా? అమ్మ నన్ను చూస్తున్నది. ఎనిమిది నెలల నన్ను ఎవరో ఆ వైపు ఎత్తుకుని నిలబడ్డారు, అమ్మ కళ్లలో పడినది ఆ వైపు వెలుగు. అవునా? ఆ వైపు నిలబడింది నువ్వేనా?

నేను ఆ రెండు వెలుగులనే వేస్తాను. చెప్పు అవ్వా, తొందరగా చెప్పు.

మంజుల

* * *

కల్వకుర్తి,
17 సెప్టెంబరు 1961.

మంజులా,

నీకు చదువు చెప్పించడంలో ఉన్న ప్రమాదం ఇదని నాకు ముందే తెలిసి ఉండవలసింది.

అవును, ఆ వైపు ఉన్నది నేనే. కానీ నువ్వు అనుకున్నట్టు కాదు. కూర్చుని చదువు.

నలభై రెండు మార్చిలో మీ అమ్మకు జ్వరం వచ్చింది. నిన్ను కనడానికి వచ్చి ఇంకా మా దగ్గరే ఉంది. దవాఖానకు తీసుకుపోయాము. నాలుగోరోజు తెల్లవారుజామున పోయింది. ఇంటికి తెచ్చాము. మక్తల్‌కు మనిషిని పంపాము. వాళ్లు రావడానికి ఎటూ సాయంత్రం అవుతుంది. అప్పుడు మీ తాత స్టూడియో గదిలోకి పోయి పెట్టెలన్నీ తెరవడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి చూశాను. నేల నిండా ప్లేట్లు. కల్వకుర్తిలో ఎవరి ముఖం లేదు అందులో? కోమట్లు, కురుమలు, పటేళ్లు, పెళ్లిళ్లు, బారసాలలు, కురుమయ్య పొట్టేలు. మా అమృత లేదు. ఒక్కటి లేదు. రోజూ కళ్ల ముందు తిరిగే పిల్ల, ఎప్పుడైనా తీయవచ్చులే అనుకున్నాడు. రేపు, ఎల్లుండి, ఈసారి మంచి ప్లేట్లు వచ్చాక, ఈసారి బాలింతతనం తీరి ముఖం తేటపడ్డాక. ఫోటోగ్రాఫరు ఉన్న ఇంట్లోనే ఇట్లా జరుగుతుంది.

స్నానం చేయించి, బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టాము. నడుము దగ్గర చీర కింద నుంచి ఒక గుడ్డతో కుర్చీకి కట్టాను. తూర్పు కిటికీ తెరిచాము. మీ తాత నల్లగుడ్డలో తల పెట్టాడు. తీయడం అయిపోయింది. చాలాసేపు తల బయటికి తీయలేదు.

ఫోటోలో అమృత కళ్లు మూసుకుని ఉంది.

మన దగ్గర ఒక పట్టింపు ఉంది, నీకు తెలుసు. కళ్లు మూసిన మనిషి తస్వీరు ఇంట్లో పెట్టకూడదు. గోడ మీది మనిషి ఇంటిని చూడాలి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు పోయినా అట్లా కూర్చోబెట్టి మీ తాత చేతనే తీయించేవాళ్లు. ఆయన సన్నకుంచెతో రెప్పల మీద కళ్లు తెరిచేవాడు. ఆ వేసిన బొమ్మను మళ్లీ ఫోటో తీసేవాడు. అందుకే నీ వేలికి కుంచె జాడ తగలదు, నీ భూతద్దానికీ దొరకదు. అట్లా ఎన్ని కళ్లు తెరిచాడో లెక్క లేదు. వాళ్ల బిడ్డలు ఆ ఫోటోలు చూసి "అచ్చం మా నాయిననే" అని కాళ్లు మొక్కిపోయేవాళ్లు.

పదకొండో రోజు తరువాత అమృతవి తెరవడానికి కూర్చున్నాడు. మొదటిది చింపేశాడు. రెండోది చింపేశాడు. నాలుగు చింపాక కుంచె కింద పెట్టి నా వైపు చూసి, "నాకు యాదికొస్తలేవు" అన్నాడు. "ఊరోళ్ల కండ్లన్ని యాదికున్నయి. నా బిడ్డవి యాదికొస్తలేవే!" అన్నాడు. ఆ మాట ఇప్పటివరకు నేను ఎవరికీ చెప్పలేదు.

"నావి ఏసుకో. దానివి నా కండ్లే అంటరు గద అందరు" అన్నాను.

నువ్వు పగటిపూట తిన్నాకే నిద్రపోయేదానివి. కాబట్టి ఆ వేళలోనే కూర్చున్నాను. అప్పుడు వెలుగు పడమటి కిటికీ నుంచి వస్తుంది. నువ్వు నా ఒళ్లో పడుకుని ఉన్నావు. అంతమాత్రం నువ్వు ఊహించింది నిజమే. రెండు మధ్యాహ్నాలు వేశాడు. నీడ ఇసుమంత తప్పితే శిష్యులను బయటికి పంపిన మనిషి, ఆ మెరుపును మాత్రం తను చూసిన వైపే పెట్టాడు. మరిచాడో, మార్చడానికి చెయ్యి రాలేదో తెలియదు. నేను అడగలేదు.

ఇరవై ఏళ్లు నువ్వు గోడ ముందు నిలబడి అమ్మా అని పిలిచినది నన్ను. బడిలో పలక పగలగొట్టినది నువ్వేనని ఆ గోడకు చెబుతుంటే వంటింట్లో నుంచి విన్నాను కూడా. ప్రతిసారీ నిజం చెప్పాలనే అనుకునేదాన్ని. నీకున్న అమ్మ అదొక్కటే కదా, దాన్నెట్లా తీసుకోను?

ఇప్పుడు తీసుకున్నాను.

అవ్వ

* * *

(పోస్టుకార్డు)
కల్వకుర్తి,
20 అక్టోబరు 1961.

మంజులా, నెల దాటింది. తిట్టవలసింది ఉంటే రాసి తిట్టు. నీ దస్తూరీ బాగుంటుంది, చదువుకుంటాను. అవ్వ.

* * *

(పోస్టుకార్డు)
కల్వకుర్తి,
18 నవంబరు 1961.

మంజులతకు, మన వీధి యాదయ్య ఈ నెల మక్తల్ బస్సులో కండక్టరుగా పోతున్నాడు. నువ్వు మీ నాయిన ఇంటి ముందు దిగావని, మూడు రోజులు ఉండి పోయావని చెప్పాడు. మంచిది. అబద్ధం చెప్పిన అవ్వ కన్నా అడగని నాయిన మేలు. అక్కడ చలి ఎక్కువ, దుప్పటి తీసుకుపోయావో లేదో. భద్రమ్మ.

* * *

హైదరాబాదు,
3 డిసెంబరు 1961.

అవ్వా,

నీ ఉత్తరం చదివిన రోజున నేను బొమ్మల గదికి పోలేదు. ఫోటోను బోర్లించి పెట్టాను. కోపం వచ్చింది, నిజమే. నీ మీదనో, తాత మీదనో, ఆ పెట్టె మీదనో తెలియలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా అవ్వా అని రాసి ఆగిపోయేదాన్ని. కార్డులు రెండూ అందాయి. రెండోదానికి నేను ఏడ్చాను. నువ్వు అనుకున్నది తప్పు. నేను నాయిన దగ్గర ఉండిపోవడానికి పోలేదు. అమ్మ కళ్లు ఎట్లా ఉండేవో అడగడానికి పోయాను. వాటిని దగ్గర నుంచి చూసిన ఇంటివాళ్లలో ఇంకా మిగిలింది నువ్వూ నాయినా మాత్రమే. నువ్వు నీవే ఇచ్చేశావు.

నాయిన వేరుశనగ కల్లంలో ఉన్నాడు. అడిగితే చాలాసేపు కాయలు ఏరుతూనే ఉన్నాడు. తరువాత అన్నాడు: "కండ్లంటె ఏం జెప్పాలె బిడ్డా. ఇంట్ల మా నాయిన, అమ్మ, అన్నలు, అందరుండిరి. మేం ఒకరి మొకం ఒకరం చూసుకునుడు యాడిది? అన్నం పెడుతుంటె తల దించుకునే తినేటోన్ని. చేతులు కనబడేటియి. చేతులు యాదికున్నయి. కుడిచేతి బొటనేలు మీద కాలిన మచ్చ. గాజులు కొద్దిగ ఎనక్కి నెట్టుకుని వడ్డించేది." అని తన చేతితో గాజులు నెట్టుకున్నట్టు చేసి చూపించాడు అవ్వా. నాయిన అట్లా చేయగలడని నాకు తెలియదు.

తిరిగి వచ్చి ఫోటో తిప్పి చూశాను. బొటనవేలి మీద మచ్చ ఉంది. ఇరవై ఏళ్లు నేను కళ్లే చూశాను, చేతులు చూడలేదు. తాత కుంచె ముట్టుకోనివి అవి. అవి ఆమెవే.

అప్పుడు వేయడం మొదలుపెట్టాను. చేతులు ముందు వేశాను. పెద్దగా వచ్చాయి, కొలతకు మించి వచ్చాయి. ఆపలేదు. దేవుడు పెద్దగా, మనిషి చిన్నగా ఉండాలని మీ మామగారి లెక్క. అందులో చేతుల ఊసు లేదు కదా. ఎడమవైపు పొద్దుటి వెలుగు చల్లగా, బూడిదరంగులో వేశాను. కుడివైపు ఇంకో కిటికీ వేశాను. ఆ కిటికీలో మనిషి లేదు, మధ్యాహ్నపు ఎండ మాత్రం పసుపుముద్దలాగా ఉంది. ఆ ఎండ నువ్వు.

కళ్లు మూసే వేశాను అవ్వా.

తెరవడానికి నాకు చెయ్యి రాలేదు. ఆమెను అట్లాగే నిద్రపోనివ్వాలనిపించింది. ఇంటి పట్టింపు నాకు తెలుసు. కళ్లు మూసిన తస్వీరు గోడ మీదకు రాదు. అందుకే ఇంటికి తేను. పదిహేనో తారీఖున హాలులో పెడతారు, తరువాత సారు బడి కొట్టులో దాచుకుంటానన్నాడు. నువ్వు రావద్దు. నువ్వు చూస్తే ఏమంటావోనని నాకు పరీక్ష కన్నా ఎక్కువ భయంగా ఉంది.

ఇరవై ఏళ్లు నా మాటలన్నీ విన్నందుకు, దండం.

నీ మంజుల

* * *

కల్వకుర్తి,
20 డిసెంబరు 1961.

నా బంగారు మంజులా,

రావద్దని రాసినవాళ్లు తారీఖు రాయకూడదు.

పద్దెనిమిదిన జానమ్మను తోడు తీసుకుని పొద్దుటి బస్సుకు వచ్చాము. నువ్వు హాలులో లేవు, సారుతో పరీక్ష గదిలో ఉన్నావని చెప్పారు. మంచిదే అయింది. నువ్వు ఉంటే నా ముఖం చూసేదానివి, నేను బొమ్మ చూడలేకపోయేదాన్ని.

హాలులో గోడల నిండా బొమ్మలు. కొన్నిటికి తల ఏదో కాలు ఏదో నాకు తెలియలేదు. ఒకదాని ముందు నిలబడి జానమ్మ, "ఇది పొలమా, పక్షవాతమా?" అని అడిగింది. నేను తెలిసినదానిలాగా తల ఊపాను. అట్లా పోతూ పోతూ మూల తిరిగాను.

మంజులా, నేను పుస్తకాలు చదివినదాన్ని. మాటలకు వెతుక్కునే అలవాటు లేదు. అక్కడ వెతుక్కున్నాను. ఎర్రదీపం గదిలో ఆ మొదటి బొట్టు కాగితం మీదకు వస్తుంటే ఎట్లా ఊపిరి ఆగిందో, నలభై ఏళ్ల తరువాత అట్లా మళ్లీ ఆగింది. అప్పుడు ఏమీ లేని చోట మనిషి వచ్చింది. ఇప్పుడు పోయిన మనిషి వచ్చింది. అమృత అట్లాగే పడుకునేది. రెప్పల మీద ఆ పలచని నీలం నీకెవరు చెప్పారు? నేను చెప్పలేదు. ఫోటోలో రంగు లేదు. మీ నాయిన ముఖమే చూడలేదంటున్నాడు. పాలిచ్చి అలిసిపోయి నిద్రపోతుంటే దాని రెప్పల మీద సరిగ్గా ఆ రంగు ఉండేది.

జానమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. మెల్లగా అడిగింది. "అక్కా, అమృతమ్మనే గద. గని చేతులు గింత పెద్దగ ఏసిందేంది పిల్ల?"

"కంచం ముందు తల దించుకుని కూసున్నోనికి చేతులు గంతే కనబడ్తయి జానమ్మా" అన్నాను.

"మరి కండ్లు మూసింది గదనే? ఇంట్ల పెట్టరాదు గద?"

"ఇరవై ఏండ్లు దాని కండ్లతోని నేను సూస్తనే ఉన్న. ఇగ అది జరసేపు పండనీ" అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. నేను కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. బొమ్మలోని పసుపు కిటికీ కాదు, హాలు కిటికీ. బయట ఏమీ లేదు, రిక్షాలు పోతున్నాయి.

మీ సారు కనబడితే మొక్కులు చెప్పు. ఆ బొమ్మను బడి కొట్టులో దాచుకోవడం మాత్రం కుదరదని కూడా చెప్పు. ఎలుకలకు బొమ్మల చదువు ఉండదు. అది ఇంటికి రావాలి. ఆ పట్టింపు పెట్టింది మన పెద్దవాళ్లు. ఇప్పుడు ఈ ఇంటికి పెద్దదాన్ని నేనే.

వడ్రంగి పని చేసే వడ్ల బాలయ్యను పిలిచి గోడ చూపించాను. పెచ్చు ఊడిన చోట కొయ్యపలక దిగ్గొట్టి దాని మీద మేకులు వేస్తానన్నాడు. బొమ్మ ఎంత పెద్దదని అడిగాడు. మనిషంత అన్నాను. "ఏ మనిషంతనమ్మా?" అన్నాడు. కాబట్టి నువ్వు ఇప్పుడు చేయవలసిన పని ఇది. నూలుదారం తీసుకో, సాగే ఊలుదారం వద్దు. బొమ్మ పొడవుకు ఒకటి, వెడల్పుకు ఒకటి పట్టి కత్తిరించు. పొడవుదానికి ఒక ముడి వెయ్యి, వెడల్పుదానికి రెండు. లేకపోతే బాలయ్య అడ్డంగా కొడతాడు. రెండూ మడిచి కవరులో పెట్టి, ఈ ఉత్తరం అందిన రోజు టపాలోనే వెయ్యి. వచ్చే వారం శుక్రవారం అతను కలపకు పోతున్నాడు.

అవ్వ